ఒక గంట

మంగళవారం రాత్రుల్లో చర్చి నాది.
బెంచీలు గోడకు జరపల్ల, పదకొండు చాపలు పరచల్ల.
నక్షత్రం దించేసి పదిరోజులైంది,
చిత్తూర్లో చలి మాత్రం దిగలేదు.
ఆదివారానికి బీడీ వాసన పోదని
కమిటీలో ముగ్గురు గొణిగినారు.
"పోకపోతే పోనీ" అనింది పాస్టరమ్మ జ్ఞానవతి.
అంతే, మీటింగు అయిపోయింది.

రిజిస్టరు నా ముందర.
పేరు, ఊరు, వయసు.
ముప్పై రెండేళ్లు బస్సులో టికెట్లు కొట్టిన చెయ్యి,
గడి ఖాళీగా ఉంటే ఊరుకోదు.
"ఊరా? ఏదో ఒకటి రాసుకో సామీ"
అన్నాడు బెల్లం గానుగ కాడ ముంజెయ్యి కాల్చుకున్నోడు.
పోయిన వారం ఎత్తిరాజులు అన్నోడు
ఈ వారం కుప్పుసామి అన్నాడు. రెండూ రాసినాను.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ సీజను అయిపోయినాక
ఇంటిదోవ మర్చిపోయినోడొకడు.
స్టేషను బల్ల మీంచి పోలీసు లేపేసినోడొకడు.
ఏమీ చెప్పకుండా
చెప్పులు తలకింద పెట్టుకుని పడుకున్నోడొకడు.

సలోమి కొడుకు రసం గిన్నె మోసుకొచ్చినాడు.
మిరియాలు ఎక్కువై అందరికీ ముక్కు కారింది,
ఎవరో నవ్వినారు.
ఎవరో తెలిసేలోపల ఆపేసినారు.

నేను మొహాలు చూస్తా ఉంటాను.
ఒక్కొక్కటే, ట్యూబులైటు కింద.
ఎందుకో జ్ఞానవతమ్మకు కూడా చెప్పలేదు.

చాన్నాళ్ల కిందట, పలమనేరు లాస్టు బస్సు.
ఇట్లాంటి జనవరే.
వెనక సీట్లో ఒకడు, గోనెసంచి కప్పుకుని.
టికెట్టు లేదు. చొక్కాకు జేబే లేదు.
"పొద్దున ఇచ్చేస్తా సామీ" అన్నాడు,
ఏ పొద్దునో, యాడ ఇస్తాడో.
ముందర స్క్వాడు ఉండాదన్నట్టు
ఎదురు బస్సోడు లైటు కొట్టినాడు.
మొగిలి ఘాటు మలుపులో తాడు లాగినాను.
ఒక గంట. బస్సు ఆగింది.
తిట్టలేదు వాడు. మెట్టు మీద కాలు జారితే
నా చెయ్యే పట్టుకుని దిగినాడు.
రెండు గంటలు. బస్సు కదిలింది.
పలమనేరు దాకా స్క్వాడు లేదు.
ఆ లైటు ఎందుకు కొట్టినాడో ఈరోజుకీ తెల్దు.

ప్రభువు బల్ల కాడ స్టీలు గిన్నె అందుకున్నప్పుడంతా
ఆ చెయ్యి తగుల్తాది నాకు.

ఈ రాత్రి ఆపుకోలేక, కాలిన ముంజేతోణ్ణి అడిగేసినాను:
"నువ్వెప్పుడన్నా పలమనేరు బస్సెక్కినావా?"
గ్లాసు అడుగు చూస్తా అన్నాడు:
"శానామంది దింపినారు సామీ.
అందర్నీ గుర్తు పెట్టుకుంటే
నడిచేది ఎప్పుడు?"
దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

రాత్రంతా దగ్గులు.
ఒకడు నిద్దట్లో ఇటికెలు లెక్కపెడతాడు,
నూటా నలభై దగ్గర తప్పిపోయి
మళ్లీ ఒకటి నుంచి మొదలు.
నేనూ వాడితో పాటు లెక్కపెట్టినాను.
మాకిద్దరికీ గోడ లేవలేదు.

ఆరుకు లేపల్ల, రూలు.
ఏడుకు బాలబడి పిల్లలొస్తారు.
కిటికీ బయట వీధిలైటు
మంచులో ముంచిన దూదిలా ఉండాది,
పాలవ్యాను హారను వినబడింది గాని వ్యాను కనబడలేదు.
చర్చి గంట తాడు నా చేతిలో.
బస్సు తాడు కంటే కొంచెం లావు, అంతే.
పదకొండు చాపల మీద పన్నెండు మంది,
చివర ఇద్దరు వీపులానించుకుని ఒకే చాప మీద.

లాగినాను.
ఒక్కసారే.

ఒకడు కదిలి, మళ్లీ ముడుచుకున్నాడు.
వంటగదిలోంచి తొంగిచూసింది జ్ఞానవతి:
"ఇంకోటి కొట్టలేదే, పరంజ్యోతన్నా?"
"లేదమ్మా" అన్నాను. "ఒక గంటే."
గడియారం చూసింది. నన్ను చూసింది.
పొయ్యి మీద
ఇంకో చెంబు నీళ్లు పోసింది.